డెర్బీ తొలి విజేత

లండను నగరమునకు చేరువనున్న ఎప్సమ్ మైదానమున ఏటేట డెర్బీ గుఱ్ఱపు పందెము జరుగును. 3 ఏండ్ల వయస్సు గల మేలుజాతి గుఱ్ఱములకే అందు ప్రవేశము. కావున ఏ గుఱ్ఱమునకైనను ఆ యవకాశము జీవితమున ఒక్కమారే. దూరము మైలున్నర. తొలుత మెరక నెక్కి, టాటెన్‌హామ్ మలుపున పల్లమునకు దిగి, గమ్యము చెంత మరల కొంచెము ఎక్కవలెను. ఒట్టి వేగము చాలదు.

1780లో తొలి డెర్బీని డయోమెడ్ గెలిచెను. నాడు దూరము మైలే. పిదప దాని ప్రతిష్ఠ మాసెను. 1798లో, 21 ఏండ్ల ముదిమిలో, దానిని 50 గినీలకు అమెరికాకు అమ్మివేసిరి. పందెగాండ్ర కృతజ్ఞత యింతియే కాబోలు! అచ్చట వర్జీనియాలో ఆ ముసలి గుఱ్ఱమునకే 1805లో సర్ ఆర్చీ పుట్టెను. 19వ శతాబ్దపు అమెరికాలో పేరెన్నికగన్న లెక్సింగ్టన్ ఆ సర్ ఆర్చీకి మునిమనుమడు.