కారణాన్వేషణ

ఒక మార్పునకు ముందు జరిగినదెల్లా దానికి కారణం కాజాలదు. అసలు కారణాన్ని నిర్ధారించడానికి ప్రవర్తనా విశ్లేషణ శాస్త్రం ఒక చక్కని మార్గం చూపింది.

అమెరికాలోని కాన్సాస్ నగరంలో, పాఠంపై మనసు నిలుపని ఒక బాలుణ్ణి వాన్స్ హాల్ బృందం పరిశీలించి, 1968లో ఫలితాలను ప్రకటించింది. మొదట అతడు చదువులో నిమగ్నమైన కాలం సుమారు 25 శాతం. ఉపాధ్యాయులు అల్లరిని పట్టించుకోక, శ్రద్ధగా చదివినప్పుడే మెచ్చుకోగా అది 71 శాతానికి పెరిగింది. దీనికి మెప్పే కారణమా? బాలుడు తనంతట తానే మారి ఉండవచ్చు కదా! ఈ సందేహ నివృత్తికై కొంతకాలం మెప్పును ఆపారు. శ్రద్ధ 50 శాతానికి తగ్గింది. మెప్పు తిరిగి లభించగానే మళ్ళీ పెరిగింది. మెప్పే కారణమని తేలింది.

ఈ పద్ధతిలో బాలునికి బాలుడే కొలబద్ద. పలువురి సగటులో ఒక్కని మార్పు మరుగుపడే ప్రమాదం ఇందులో లేదు. అయితే ఆ ఫలితం ఇతరులలోనూ పునరావృతమైతేనే దానిని సాధారణ సూత్రంగా స్వీకరించాలి.

తన్ను తాను గాయపరచుకొనే బిడ్డకు ఉపకరించిన చికిత్సను పరీక్షకై ఆపడం మాత్రం ధర్మం కాదు. అట్టి సందర్భాలలో వేర్వేరు పిల్లలకు వేర్వేరు సమయాలలో చికిత్స ప్రారంభిస్తారు. ఎవరికి ఎప్పుడు మొదలైతే వారిలో అప్పుడే మార్పు కనిపించినచో కారణం రుజువవుతుంది; ఉపకరించిన చికిత్సను ఆపవలసిన అవసరం ఉండదు.