బస్సు పడని వారి మాత్ర.. తల తిరుగుడుకు ఎన్నాళ్లు?

రాయ్‌పూర్ నుంచి భిలాయ్, దుర్గ్‌ల వైపు వెళ్లే జి.ఇ. రోడ్డు మీద, నగరానికి పడమటి దిక్కున టాటీబంధ్ ఉంది. బస్సులు, లారీలతో ఎప్పుడూ రద్దీగా ఉండే ప్రాంతం ఇది. రాయ్‌పూర్ ఎయిమ్స్ కూడా ఇక్కడే ఉంది. ఇలాంటి చోట మందుల దుకాణానికి రెండు రకాల వారు వస్తుంటారు. ‘నాకు బస్సు పడదు’ అంటూ ప్రయాణానికి ముందు మాత్ర అడిగేవారు కొందరు. ‘పక్క మీద నుంచి లేస్తే గది గిర్రున తిరుగుతోంది’ అని ఆస్పత్రిలో చూపించుకుని చీటీ పట్టుకొచ్చేవారు మరికొందరు. ఈ ఇద్దరికీ చాలాసార్లు ఒకే జాతి మందు అందుతుంది. అదే యాంటీహిస్టమిన్. దురదకు, దద్దుర్లకు వాడే మందుకు వాంతులతో ఏం పని? బస్సు ప్రయాణికుడికి మేలు చేసేదే, తల తిరిగే రోగి ఎక్కువ రోజులు వాడితే ఎందుకు అడ్డవుతుంది?

చెవి ఒకటి, కన్ను ఇంకొకటి

మన లోపలి చెవి వినడానికే కాదు, కదలికను కొలవడానికి కూడా. అందులో ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయి. తల తిప్పినప్పుడు వాటిలోని ద్రవం జడత్వం వల్ల కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను సన్నని రోమకణాలు పసిగట్టి మెదడుకు చెబుతాయి. ముందుకు వెనక్కు, పైకి కిందికి కలిగే త్వరణాన్ని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలున్న మరో రెండు భాగాలు గుర్తిస్తాయి.

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే బస్సు కేశ్‌కాల్ ఘాట్ మలుపులు ఎక్కుతోందనుకుందాం. ఫోన్ చూస్తున్న కంటికి అంతా నిలకడగానే ఉంటుంది. చెవి మాత్రం ‘ఊగుతున్నాం’ అంటుంది. ఈ పొంతన కుదరకపోవడమే వికారానికి మూలమని శాస్త్రవేత్తలు భావిస్తారు. అన్ని ఊపులూ ఒకేలా బాధించవు. దాదాపు అయిదు సెకన్లకు ఒకసారి వచ్చే నిదానమైన ఊపు అన్నిటికంటే ఎక్కువగా వికారం తెప్పిస్తుంది.

ఇందులో లోపలి చెవి పాత్ర ఎంతటిదో తెలిపే ఉదంతం ఒకటుంది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం, ఆ తర్వాత నాసా, గాలడెట్ కళాశాలకు చెందిన 11 మంది బధిరులతో ప్రయోగాలు మొదలుపెట్టాయి. వారిలో 10 మందికి మెనింజైటిస్ వల్ల లోపలి చెవి దెబ్బతింది. అల్లకల్లోలమైన సముద్రంలో వారు హాయిగా పేకాడుకుంటుంటే, పరిశీలించాల్సిన పరిశోధకులే జబ్బుపడ్డారు.

దద్దుర్ల మందుతో కొత్త సంగతి

1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో లెస్లీ గే, పాల్ కార్లినర్ అనే వైద్యులు డైమెన్‌హైడ్రినేట్ అనే కొత్త మందును అలర్జీల కోసం పరీక్షిస్తున్నారు. దద్దుర్లకు ఆ మందు వాడుతున్న ఒక గర్భిణి, ట్రామ్ ఎక్కితే ఎప్పుడూ వచ్చే వికారం ఇప్పుడు రావడం లేదని చెప్పింది. వైద్యులు ఆ మాటను వదిలేయలేదు. అదే ఏడాది చివర్లో న్యూయార్క్ నుంచి జర్మనీ వెళ్తున్న సైనిక నౌకలో ఆ మందును పరీక్షించి, అది పనిచేస్తోందని చూపారు.

హిస్టమిన్ అలర్జీలోనే కాదు, మెదడులో కూడా సందేశవాహకమే. లోపలి చెవి నుంచి వచ్చే సంకేతాలు వాంతి కేంద్రానికి చేరే దారిలో దాని పాత్ర ఉంది. ఆ దారిని అడ్డాలంటే మందు రక్తం నుంచి మెదడులోకి వెళ్లగలగాలి. ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్, సిన్నరిజిన్ వంటి పాత తరం మందులు వెళ్తాయి. నిద్రమత్తుకూ అదే కారణం. మత్తు తక్కువని మనం మెచ్చుకునే సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ మెదడులోకి అంతగా చేరవు. అందుకే అవి జలుబుకు పనికొచ్చినా బస్సుకు పనికిరావు.

పాత తరం మందులు కూడా అందరికీ పనిచేయవు. 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, ప్రయాణ వికారం వచ్చే స్వభావం ఉన్నవారిలో ఈ మందులు వాడినప్పుడు సుమారు 40 శాతం మందికి లక్షణాలు రాలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఇది 25 శాతం.

వర్టిగోకు లెక్క వేరు

బస్సు దిగితే ప్రయాణికుడి సమస్య తీరుతుంది. వర్టిగో రోగికి అలా కాదు. అతని చెవే తప్పుడు సమాచారం పంపుతోంది. దానికి సర్దుకోవడం మెదడు నేర్చుకోవాలి. లోపలి చెవి నాడి వాచినప్పుడు మొదటి రెండు మూడు రోజులు తీవ్రమైన వాంతులను ఆపడానికి ఈ మందులు అవసరమే. తర్వాత కూడా కొనసాగిస్తే, మెదడు నేర్చుకోవాల్సిన సంకేతాలనే అవి నొక్కిపెడతాయి. కోలుకోవడం ఆలస్యమవుతుంది.

పక్క మీద ఒత్తిగిలినప్పుడు ఒక నిమిషంలోపు తల తిరిగి తగ్గిపోయే రకం వర్టిగో చాలా సాధారణం. చెవిలోని స్ఫటికాలు చోటు తప్పి కుల్యల్లోకి జారడం వల్ల అది వస్తుంది. జారిన స్ఫటికాన్ని ఏ మాత్రా వెనక్కు తేలేదు. తలను ఒక వరుసలో తిప్పి వాటిని బయటకు పంపే పద్ధతిని జాన్ ఎప్లీ అనే వైద్యుడు 1992లో వివరంగా ప్రచురించారు. చాలామందికి ఒకటి రెండు సార్లు చేస్తే చాలు. ఈ రకానికి యాంటీహిస్టమిన్లను అలవాటుగా రాయవద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పాత చీటీ చూపించి నెలల తరబడి మాత్రలు కొనుక్కోవడంలోనే అసలు ముప్పుంది. పెద్దవారిలో మత్తు వల్ల పడిపోయి ఎముకలు విరగవచ్చు. సిన్నరిజిన్‌ను దీర్ఘకాలం వాడితే కొందరిలో పార్కిన్సన్ వ్యాధిని పోలిన వణుకు, బిగుసుకుపోవడం కనిపిస్తాయి.

గుర్తుంచుకోవలసినవి

* ప్రయాణం మాత్ర బస్సు ఎక్కకముందే వేసుకోవాలి. డైమెన్‌హైడ్రినేట్‌కు అరగంట నుంచి గంట, సిన్నరిజిన్‌కు రెండు గంటల వ్యవధి కావాలి. వికారం మొదలైతే జీర్ణాశయం నెమ్మదించి మందు సరిగా ఒంటపట్టదు.
* మాత్ర వేసుకుని బండి నడపకూడదు, మద్యం తాగకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ ఇవ్వకూడదు. గర్భిణులు, గ్లకోమా లేదా ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.
* ముందు సీట్లో కూర్చుని దూరాన ఉన్న రోడ్డును చూస్తే కన్ను, చెవి ఒకే మాట చెబుతాయి.
* తల తిరుగుడుతోపాటు మాట తడబడటం, చూపు రెండుగా కనిపించడం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం, నిలబడలేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. మాత్ర వేసుకుని ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.
* వర్టిగోకు మందు రాసినప్పుడు డాక్టరును తప్పక అడగాల్సిన ప్రశ్న: ‘దీన్ని ఎప్పుడు ఆపాలి?’