ఎముకలు గుల్లబారుట: పరీక్షయు, చికిత్సయు

క్రిందటి సంవత్సరము ఊడ్పుల కాలమున మేము రేపల్లె ప్రాంతపు గ్రామమొకదానికి పోయి యుంటిమి. అరువది యైదేండ్ల వృద్ధురాలొకతె వసారాలో మంచముపై పడియుండెను. తెల్లవారుజామున కుళాయి కడ పాకుడుపై కాలుజారి, కూర్చున్నట్లుగా పడినదట. అంతమాత్రమునకే తుంటి విరిగినది. ఇంటివారు పసరుకట్టు కట్టించి మూడు వారములు వేచియుండిరి. నలుబదియేండ్లు వంగి నాట్లు వేసిన మనిషికి ఇంత చిన్న దెబ్బకు ఎముక విరుగుటేమని వారి ఆశ్చర్యము.

ఆశ్చర్యపడవలసినది లేదు. ఆమె ఎముక ఆనాడు విరిగినది గాని, పాడగుట పదునైదేండ్ల క్రిందటనే మొదలైనది. దీనినే వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు. మన పల్లెలలో ఎముకలు గుల్లబారుట యందురు. పల్లెమాటయే వ్యాధిని చక్కగా తెలుపుచున్నది. చెదలు తిన్న దూలము పైకి నున్నగానే యుండి, బరువు పడిన నాడు విరుగును గదా! ఇదియు నంతే. నొప్పి యుండదు, వాపు యుండదు. ముంజేయియో, వెన్నుపూసయో, తుంటియో విరిగిననాడే సంగతి బయటపడును. కొందరికి వెన్నుపూసలు తమంతట తామే నలిగి నడుము వంగిపోవును, ఎత్తు తగ్గును. దానిని మనము ముసలితన మనుకొని యూరకుందుము.

ఇక్కడ ఒక పొరపాటును సవరింపవలసియున్నది. మోకాలి నొప్పితో బాధపడువారు పలువురు తమ ఎముకలు గుల్లబారినవని చెప్పుకొనుచుందురు. మోకాలిలో 'గుజ్జు అరుగుట' కీలుకు సంబంధించిన వేరొక వ్యాధి. ఆ నొప్పులకు ఊరిలో దొరకు స్టెరాయిడు బిళ్ళలను నెలల తరబడి మ్రింగువారు మాత్రము, లేని వ్యాధిని కొనితెచ్చుకొనుచున్నారు. మూడు నెలలకు మించి ఆ మందులు వాడినచో ఎముకలు నిజముగనే గుల్లబారును.

ఎముక జీవముగల పదార్థము. పాతది కరుగుచు, క్రొత్తది పేరుకొనుచు నిత్యము మారుచుండును. సుమారు ముప్పదియేండ్ల వరకు జమ ఎక్కువ, ఖర్చు తక్కువ. స్త్రీలలో ఈ ఖర్చును అదుపులో నుంచునది అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెను. ముట్లుడిగిన పిదప అది తగ్గిపోవుటచే తొలి యైదారేండ్లలో ఎముక వేగముగా తరుగును. పురుషులకును ఈ వ్యాధి కలదు గాని, ఆలస్యముగా వచ్చును.

మన రాష్ట్రమున దీనికి తోడైన కారణ మింకొకటి గలదు. చిన్న వయసుననే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశమున అత్యధికముగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటియని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలుపుచున్నవి. తెల్లబట్టకో, నడుము నొప్పికో, 'ఎట్లును పిల్లలు పుట్టిరి గదా' యను మాటకో ముప్పది, ముప్పదియైదేండ్లకే శస్త్రచికిత్స చేయించుకొన్నవారు ప్రతి వీధిలోను కనబడుదురు. గర్భసంచితోపాటు రెండు అండాశయములను గూడ తీసినచో ఆమెకు ఆనాడే ముట్లుడిగినట్లు. తీయకున్నను కొందరికి ఆ దశ ముందుగా వచ్చును. అనగా నలుబదియేండ్ల స్త్రీకి అరువదియేండ్ల ఎముక.

ఎముక సాంద్రతను కొలుచు పరీక్షకు డెక్సా యని పేరు. సామాన్యమైన ఎక్స్‌రేలో ఎముక పలుచబడినట్లు కనబడునప్పటికి మూడవవంతు వరకు పోయియుండును. డెక్సా ఆ లోపుననే చెప్పును. బల్లపై పరుండిన పది పదునైదు నిమిషములలో ముగియును. సూది లేదు, మందు లేదు. కిరణముల మోతాదు ఛాతీ ఎక్స్‌రే కంటెను తక్కువ. తుంటిని, నడుమును కొలిచి, ఆరోగ్యవతియైన యువతి ఎముకతో పోల్చి 'టీ స్కోరు' అను అంకె నిత్తురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన ప్రకారము అది మైనస్ 1 వరకు ఉన్నచో మంచిదే. మైనస్ 1కి, మైనస్ 2.5కు నడుమ నున్నచో ఎముక తగ్గినట్లు, మైనస్ 2.5 గాని, అంతకు దిగువ గాని అయినచో వ్యాధియే. ఉచిత శిబిరములలో మడమను యంత్రమునందుంచి కొలుచుట మీరు చూచియుందురు. అది అనుమానము కలిగించుటకు పనికివచ్చును గాని, దానినిబట్టి చికిత్స ప్రారంభింపరాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు ఈ పరీక్ష నిమిత్తము గుంటూరు, విజయవాడ వంటి నగరములకు పోవుట సులువు. అరువదియైదు దాటిన స్త్రీలును, డెబ్బది దాటిన పురుషులును, చిన్న దెబ్బకు ఎముక విరిగినవారును, నలుబదియైదేండ్లకు ముందే ముట్లుడిగినవారును, స్టెరాయిడులు వాడినవారును వైద్యుని సలహాపై చేయించుకొనదగును.

ఇక ఆహారము. వరి పండించు విద్యలో ఈ సీమకు లోటు లేదు. 1945 నుండి బాపట్లలో వ్యవసాయ కళాశాలయే యున్నది. కాని కంచములో వరియన్నము దప్ప అన్యము స్వల్పము. నూరు గ్రాముల తెల్లబియ్యములో కాల్షియము పది మిల్లీగ్రాములకు అటునిటు; అంతే రాగులలో సుమారు 350. ముట్లుడిగిన స్త్రీకి రోజునకు 1200 మిల్లీగ్రాములు కావలెనని 2020 నాటి జాతీయ ప్రమాణము. గేదె నున్న ఇంటను పాలు కేంద్రమునకు పోయి, ఆడువారికి నీళ్ళమజ్జిగ మిగులుచున్నది! రాగిజావ, పెరుగు, మునగాకు, సముద్రతీరమున ముల్లుతో తినదగిన మెత్తళ్ళు మన చేతిలోని సాధనములు. ఎండలో పనిచేయువారికి 'డి' విటమిను కొదువ యుండదనుకొనుట గూడ సరికాదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో గ్రామీణులయందును ఆ లోపము కనబడినది. వారమున కొకటి చొప్పున వాడు 60,000 యూనిట్ల మందును వైద్యుడు చెప్పిన వారములకు మించి వాడరాదు.

వ్యాధి నిర్ధారణ యైనచో ఆహారముతో సరిపోదు. అలెండ్రోనేటు మాత్ర వారమున కొకటి. దానిని పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మ్రింగి, అరగంట వరకు పరుండరాదు, కాఫీ త్రాగరాదు. లేనిచో గొంతు, అన్నవాహిక పుండగును. జోలెడ్రోనిక్ ఆమ్లమును సంవత్సరమున కొకసారి సెలైనువలె ఎక్కింతురు. డెనోసుమాబు సూది ఆరునెలల కొకటి. దానిని చెప్పక మానినచో వెన్నుపూసలు విరుగు ప్రమాదము గలదు. ఏది ఎవరికి తగునో మూత్రపిండముల స్థితిని, పండ్ల స్థితిని చూచి వైద్యుడు నిర్ణయించును. నలుబదిలోపున అండాశయములు పోయినవారికి హార్మోను చికిత్సయు గలదు.

తుంటి విరిగినచో కట్లతో కాలము గడపరాదు. రెండు రోజులలోపున శస్త్రచికిత్స జరిగినచో మనిషి త్వరగా లేచును. మంచము పట్టినచో పుండ్లు, న్యుమోనియా ప్రాణము తీయును. శస్త్రచికిత్స ముగిసిన పిదప ఎముకకు మందు వాడవలెనన్న మాట పలువురు మరచుచున్నారు.

మేము చూచిన వృద్ధురాలికి ఆలస్యముగానైనను శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు ఊతకఱ్ఱతో వాకిటివరకు నడచుచున్నది. ఆమె కుమార్తెకు నలుబదినాలుగేండ్లు. ముప్పదియొకటవ యేట గర్భసంచి తీయించుకొన్నది. అండాశయములు కూడ తీసిరో లేదో ఆమెకు తెలియదు. పాత కాగితములను ట్రంకుపెట్టెలో వెదకి చూడగా, రెండును తీసినట్లున్నది. పరీక్షలో మైనస్ 2.8 వచ్చినది. ప్రతి ఆదివారము తెల్లవారగనే మాత్ర వేసికొని, అరగంటసేపు తల్లితో వాకిట పచారు చేయుచున్నదట. కాఫీ ఆ తరువాతనే.