నల్లరేగడి తేమ కొలతలు: యు.ఎస్.బి. ద్వారా నిరంతర సేకరణ

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ (ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లా) పరిసరాల్లోని నల్లరేగడి నేలల్లో ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఈ నేలలు ఎండినప్పుడు లోతైన నెర్రెలు విచ్చుతాయి. తడి ఇచ్చిన తొలి నిమిషాల్లో నీరు ఈ నెర్రెల గుండా నేరుగా క్రింది పొరలకు చేరుతుంది. పిదప బంకమన్ను ఉబ్బి నెర్రెలు మూసుకొంటాయి. గంటకొకసారి తీసే కొలతల్లో ఈ దశ కనిపించదు. అందువల్ల నెర్రెలు చెదరకుండా తవ్వి తెచ్చిన మట్టి దిమ్మలో సెన్సార్లు అమర్చి, స్వయంగా రూపొందించుకొన్న పరికరం ద్వారా సెకనుకొక కొలతను కంప్యూటర్‌కు పంపడం ఉపయుక్తం.

వేగం సమస్య కాదు

నాలుగు సెన్సార్ల విలువలకు 8 బైట్లు, వరుస సంఖ్యకు 4, సమయానికి 4, సరిచూపు సంఖ్యకు 2 చొప్పున ఒక్కొక్క నమోదుకు 18 బైట్లు చాలును. యు.ఎస్.బి. ఫుల్ స్పీడ్ సామర్థ్యం సెకనుకు 12 మెగాబిట్లు.

లోపం ఎక్కడ?

యు.ఎస్.బి.లో కంప్యూటర్ అడిగినప్పుడే పరికరం సమాచారం పంపగలదు. బల్క్ బదిలీలో దెబ్బతిన్న ప్యాకెట్ తిరిగి పంపబడుతుంది. అయితే అది ఎప్పుడు చేరుతుందన్న హామీ లేదు. ఐసోక్రోనస్ బదిలీలో సమయానికి హామీ ఉన్నా, పోయిన ప్యాకెట్ తిరిగి రాదు. కావున తేమ కొలతలకు బల్క్ పద్ధతియే మేలు. కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్ళినా, ప్రోగ్రామ్ ఆగినా కొలతలు పరికరంలోని బఫర్‌లో పేరుకొంటాయి. 20 కిలోబైట్ల బఫర్ సుమారు 19 నిమిషాల్లో నిండుతుంది. ఆపై వచ్చే కొలతలు నష్టపోతాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

• సమయాన్ని పరికరంలోనే నమోదు చేయాలి. కంప్యూటర్‌కు చేరిన సమయాన్ని కొలత సమయంగా భావించరాదు.
• వరుస సంఖ్యల్లో తెగింపు కనిపిస్తే ఆ కాలాన్ని ఖాళీగానే చూపాలి.
• ప్రయోగ కాలంలో కంప్యూటర్ నిద్రావస్థను నిలిపివేయాలి.
• అదే మట్టి నమూనాలను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి, తూకపు తేమతో సెన్సార్లను సరిచూడాలి. సెన్సార్ చుట్టూ నెర్రె విచ్చితే గాలి చేరి, తేమ తక్కువగా నమోదవుతుంది.

ఖాళీలను సగటు విలువలతో పూరిస్తే నెర్రెల గుండా దిగిపోయిన నీరు లెక్కలోకి రాదు. అట్టి లెక్క ఆధారంగా ఇచ్చే నీటి యాజమాన్య సలహా వలన వేరు మండలం దాటి పోయే నీటి నష్టం రైతుదే అవుతుంది. కనుక నమోదు కాని కొలతను నమోదు కానట్లే చూపడం పరిశోధకుల ప్రథమ బాధ్యత.