గాజుపలకపై గీతనుండి అంకెలకు

నాతవరము సముద్రతీరమున లేదు. అయినను బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో మన చేలు మునుగుటయు, తాండవ జలాశయము నిండుటయు మనమెరిగినదే. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఎవరును మరచియుండరు. తుపానునకు బలమొసగునది సముద్రజలపు వేడిమి. సాధారణముగ పైనీరు 26.5 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన చోటనే అది పుట్టును. కావున సముద్రము పూర్వమెంత వెచ్చగ నుండెనో తెలియనిదే, నేడెంత మారినదో చెప్పజాలము.

పూర్వము లోతునీటి వేడిమిని కొలుచుటకు బాతీథర్మోగ్రాఫు అను లోహసాధనముండెను. 1930ల చివర స్పిల్‌హాస్ అను శాస్త్రజ్ఞుడు దానిని రూపొందించెను. దానిని తీగకు కట్టి ఓడనుండి దింపుచుండిరి. లోపలి సన్నని గొట్టములోని ద్రవము వేడిమికి వ్యాకోచించి సూదిని కదల్చును. నీటి ఒత్తిడి పొగపట్టించిన చిన్న గాజుపలకను జరుపును. అపుడు పలకపై పడిన గీత, ఏ లోతున ఎంత వేడిమి కలదో తెలుపును. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండు కాలమున, వాల్తేరువారు నౌకాదళపు ఓడలమీద బంగాళాఖాతమును ఈ సాధనముతో పరీక్షించిరి.

అయితే గీతను కంప్యూటరు లెక్కింపజాలదు. దానికి అంకెలు కావలయును. అందుకై పలకను పెద్దదిగ జూపి, గళ్ల కొలతపై నుంచి, గీత వంగిన ప్రతిచోట లోతును, ఉష్ణోగ్రతను చదివి వ్రాయుదురు. ప్రతి సాధనమునకు గల స్వల్పదోషమును సవరింతురు. ఓడ పేరు, తేదీ, వేళ, స్థానము చేర్తురు. వీనిలో నొకటి లోపించినను ఆ కొలత విలువ తగ్గిపోవును. నేడు మన దేశపు సముద్రపు కొలతలను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము భద్రపరచుచున్నది.

ఈ పనిలో అజాగ్రత్త ఎంత చేటో యొక దృష్టాంతము తెలుపును. జపాను ఓడలవారు వ్రాసిన పైనీటి ఉష్ణోగ్రతలను కొన్నిటిని రంధ్రపు అట్టలకెక్కించినపుడు పదియవవంతులు వదలివేయబడెను. 28.9 అని యున్నది 28 ఆయెను. అందువలన గడచిన శతాబ్ది తొలిభాగమున ఉత్తర పసిఫిక్ సముద్రము నిజముకంటె తక్కువగ వేడెక్కినట్లు కనబడెను. 2019లో పరిశోధకులు ఈ లోపమును కనుగొని సవరించిరి.

విద్యార్థులారా! ప్రయోగశాలలో ఉష్ణమాపకమును చూచి వ్రాయునపుడు పదియవవంతును విడువకుడు, తేదీని మరువకుడు. కొలిచినవాని శ్రమ యంతయు, ఎత్తివ్రాయువాని నమ్మకముమీద నిలిచియున్నది.