తప్పు చేతులదా, చక్రానిదా?

మా యింట్లో 1986 మోడల్ అంబాసిడర్ కారు వొకటి వుంది. మా నాయన నాచారం పారిశ్రామికవాడలో ఫోర్‌మన్‌గా పనిచేస్తున్న రోజుల్లో, 1994లో, దాన్ని సెకండుహాండుకు కొన్నాడు. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. ఆ కారులోనే నేను పరీక్షలకు వెళ్ళాను. మా చెల్లెలు అత్తవారింటికి వెళ్ళింది. మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె మాత్రం తిరిగి రాలేదు. కనుక ఆ కారు అమ్మెయ్యమని సలహా చెప్పేవాళ్ళకు మా యింట్లో కాఫీ కూడా పుట్టదు.

అలాంటి కారు తాళంచెవిని మా నాయన చేతిలోంచి నేనే తీసుకోవలసివచ్చింది, పోయిన వేసవిలో.

జరిగింది చిన్న సంగతే. ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి దగ్గర మలుపు తిరుగుతూ వుంటే కారు వున్నట్టుండి ఎడమవైపుకి జరిగి, జామపళ్ళ తోపుడుబండిని రాసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పదిహేను జామపళ్ళు రోడ్డున పడ్డాయి, అంతే. కాని మా నాయనకు డెబ్భై అయిదు నిండాయి. ఆ వయస్సు మనిషి కారు పక్కకు జరిగితే జనం కారువంక చూడరు, ఆయన చేతులవంక చూస్తారు. మేమూ అలాగే చూశాము. "మామయ్య చేతులు వొణుకుతున్నాయండీ, మీరు గమనించారో లేదో" అన్నది నా భార్య. మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోను చేసి, "తాళంచెవి దాచెయ్యి అన్నా" అన్నాడు. దూరాన వున్నవాళ్ళకు ధైర్యం యెక్కువ.

నేను నలభై దాటినవాణ్ణి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. మాటలకు తడుముకోవడం నాకు అలవాటు లేదు. కాని ఆ రాత్రి, "నాయినా, కొన్నాళ్ళు బండి తియ్యకు" అనే మాట నోట రావడానికి గంటసేపు పట్టింది. ఆయన వాదించలేదు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, "నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది బిడ్డా" అన్నాడు. వాదించివుంటే నాకు అంత కష్టంగా వుండేది కాదు.

మర్నాడు తెల్లవారి నేను లేచేసరికి ఆయన వంటింట్లో వొంటరిగా నిలబడి చెంబులోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి చెంబులోకి నీళ్ళు పోస్తున్నాడు. తొణుకుతున్నాయా లేదా అని చూసుకుంటున్నాడన్నమాట. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

తరువాత రెండు వారాలకు, బ్యాటరీ చచ్చిపోతుందేమోనని ఆదివారంనాడు నేనే కారు తీశాను. నాకు మెట్రో వచ్చినప్పటినుంచి హబ్సిగూడలో రైలెక్కి కాలేజీకి పోవడం అలవాటు. అంబాసిడర్ నడిపి యేడాది దాటింది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు, పైవంతెన పనులు యేళ్ళ తరబడి సాగిన ఆ రోడ్డుమీదికి వెళ్ళాను. మొదటి గుంటలో పడి లేవగానే కారు ఎడమకు జరిగింది. సరిచేద్దామని స్టీరింగు కుడికి తిప్పితే, బెత్తెడు తిరిగేదాకా చక్రాలలో చలనమే లేదు. ఆ పైన వొక్కసారిగా కుడికి దూకింది. పక్కన ఆటోవాడు నన్ను తిట్టిన తిట్లు యీ పత్రికలో అచ్చువెయ్యదగినవి కావు. నా చేతులు వొణకవు. మరి కారు ఎందుకు జరిగింది?

తిన్నగా మల్లాపూర్ రోడ్డులో వొక పాత మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయన నామాట సగం విని, జాకీ వేసి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాడు. గడియారంలో తొమ్మిదీ మూడూ వుండేచోట్ల రెండు చేతులు పెట్టి అటూ యిటూ కుదిపాడు. టక్ టక్ మని శబ్దం వచ్చింది. పన్నెండూ ఆరూ వుండేచోట్ల పట్టుకుని కుదిపాడు, శబ్దం లేదు. "నిలువుల బాగుంది సార్, అడ్డంల పోయింది. అంటే బేరింగు గాదు, స్టీరింగు" అన్నాడు. పాత కారు వున్న పాఠకులెవరైనా యీ పరీక్ష యింటిదగ్గర చేసి చూసుకోవచ్చు. టైరు అరుగుదల కూడా సాక్ష్యం చెబుతుంది: మా కుడి టైరు వొక అంచున మాత్రమే నున్నగా అరిగివుంది. నెలల తరబడి అది మా కళ్ళముందే వుంది. మేము మాత్రం చేతులు చూస్తున్నాము.

ఇక్కడ స్టీరింగు కథ నాలుగు మాటల్లో చెప్పాలి. ఎడ్లబండికి యీ బాధ లేదు. ఎడ్లు యెటు తిరిగితే నొగ అటు తిరుగుతుంది, నొగతోపాటు యిరుసు, యిరుసుతోపాటు రెండు చక్రాలు. నాలుగు చక్రాల గుర్రబ్బండి వచ్చాక చిక్కు వచ్చింది. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలోనూ బయటి చక్రం పెద్ద వలయంలోనూ తిరగాలి. కాబట్టి లోపలిది కాస్త యెక్కువగా వంగాలి. రెండు చక్రాలకూ విడివిడిగా కీళ్ళు పెట్టి, మధ్య కడ్డీలతో కలిపే ఉపాయం మ్యూనిక్‌లో బళ్ళు చేసే లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయనది. ఆయన తరఫున లండనులో 1818లో పేటెంటు తీసుకున్నవాడు ఆకర్‌మన్. ఈనాటికీ ఆ అమరికకు ఆకర్‌మన్ పేరే. చేసినవాడి పేరు యెవరికీ పట్టలేదు. సాహిత్యంలోనూ యిలాంటివి జరుగుతూంటాయి లెండి.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దాన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేశారు. అందులోది రాక్ అండ్ పినియన్ స్టీరింగు. మన చేతిలోని చక్రంనుంచి వొక కడ్డీ కిందికి దిగుతుంది. దాని కొసన చిన్న పళ్ళచక్రం, పినియన్. అది అడ్డంగా పడుకున్న పళ్ళకడ్డీని, అంటే రాక్‌ను, కుడికీ ఎడమకూ జరుపుతుంది. రాక్ రెండు చివరలా టై రాడ్లు. వాటి కొసల్లో టై రాడ్ ఎండ్లు. ఈ ఎండు అనేది గిన్నెలో కూర్చున్న గోళీ అనుకోండి. చక్రం గుంటలో పడ్డా, మలుపు తిరిగినా ఆ గోళీ గిన్నెలో అన్నివైపులా ఆడుతూ పట్టు మాత్రం వదలకూడదు.

మా కారులో కుడివైపు గోళీ పట్టు వదులుతున్నది. ఉస్తాద్ దాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. పిల్లల పాలపన్నులాగా కదిలింది. ఎడమవైపు రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దాని స్థానంలో నాచారం దుమ్ము చేరింది. "ఇది వూడిపోతే?" అని అడిగాను. "వూడితే మీ చేతిల చక్రం వుంటది, కింద చక్రం దానిష్టం" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. జామపళ్ళబండి దగ్గర మా నాయన కారును అంతలోనే ఆపగలిగాడంటే ఆ చేతులు యెంత కనిపెట్టుకుని వున్నాయో అప్పుడు తెలిసింది.

యింటికి వచ్చి చెప్పాను. ఆయన వింటూ వింటూ లేచి, చెప్పులు వేసుకుని, "పా" అన్నాడు.

సామాను దొరకడం వొక ప్రహసనం. రాణీగంజ్ తిరిగాము, పుత్లీబౌలి తిరిగాము. వొక దుకాణంలో మంచి అట్టపెట్టెలో కొత్త ఎండ్లు చూపించారు. మా నాయన వొకటి చేతిలోకి తీసుకుని గోళీ మేకును వేలితో తిప్పి చూశాడు. సులువుగా గిరగిరా తిరిగింది. కొత్తది బిగువుగా, నూనె పట్టని తలుపులాగా మొరాయిస్తూ తిరగాలట. "పెట్టె మంచిగున్నది, గది నీ దగ్గరనే వుంచుకో" అని బయటికి వచ్చేశాడు. చివరకు కలకత్తాలోని మల్లిక్ బజారునుంచి తెప్పించుకున్నాము. పాతకార్ల సామానుకు దేశంలో పేరుపడ్డ చోటు అది. అక్కడి పసుపుపచ్చ టాక్సీలన్నీ యేళ్ళ తరబడి అంబాసిడర్లే కావడంవల్ల యీ సామానుకు గిరాకీ వుండేది. పదిహేనేళ్ళు దాటిన వాణిజ్య వాహనాలు తొలగించాలని 2008లో అక్కడి హైకోర్టు ఆదేశించిన తరువాత ఆ టాక్సీలు క్రమంగా రోడ్డుమీదనుంచి తప్పుకుంటూ వచ్చాయి. ఆ సామాను యింకా యెన్నాళ్ళు దొరుకుతుందో చూడాలి.

పనినాడు మా నాయన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇరవై యేళ్ళుగా పెట్టెలో వున్న చొక్కా. ఉస్తాద్ మొదట ముఖం చిట్లించాడు. కారు ఓనర్లు పక్కన నిలబడితే మెకానిక్‌లకు గిట్టదు. కాని టై రాడ్‌నుంచి పాత ఎండు విప్పుతూంటే మా నాయన చాక్‌పీసు తీసుకుని గోడమీద గీతలు గీస్తూ పోయాడు. వొక్కొక్క చుట్టుకు వొక్కొక్క గీత. పదిహేడున్నర. కొత్తది సరిగ్గా పదిహేడున్నర చుట్లు యెక్కిస్తే కడ్డీ పొడుగు మారదు. అలైన్‌మెంటు చేసేదాకా కారు కనీసం తిన్నగా నడుస్తుంది. అది చూశాక ఉస్తాద్ ఆయనకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

ఎండు మేకు అడుగున కోసుగా వుండి, చక్రం చేతిలోని కన్నంలో బిగుసుకుపోయి వుంటుంది. నట్టు విప్పినంత మాత్రాన రాదు. తెలియనివాళ్ళు కిందినుంచి మేకుమీద కొట్టి మర చెడగొడతారు. ఉస్తాద్ మాత్రం కన్నానికి రెండుపక్కలా రెండు సుత్తులు ఆనించి వొక్కసారే కొట్టాడు. మూడో దెబ్బకు టప్పుమని జారిపడింది. ఎడమవైపుది కూడా మార్చాము. వొకపక్క కొత్తది, వొకపక్క పాతది వుంచడం గుడ్డి పొదుపు అని ఆయన అభిప్రాయం.

నట్టుకు అడ్డంగా గుచ్చే స్ప్లిట్ పిన్ను దగ్గర చిన్న తగాదా వచ్చింది. కుర్రవాడు పాతదాన్నే సుత్తితో సాపుచేసి మళ్ళీ గుచ్చబోయాడు. మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. "మా బాపు ఎడ్లబండికి కడశీల పాతది పెట్టి సంతకు పోయిండు. చక్రం వూడి, బస్తాలు వాగుల పడ్డయి. రెండు రూపాయల ముక్క, కొత్తది తేపో" అన్నాడు. కడశీల అంటే యిరుసు చివర చక్రం జారిపోకుండా గుచ్చే చీల. పాతికేళ్ళుగా తెలుగు చదువుతూ, చెబుతూ వున్నవాణ్ణి. ఆ మాట వొకరి నోట ఆ పని సందర్భంలో వినడం నాకదే మొదటిసారి.

అసలు చిక్కు తరువాత వచ్చింది. రెండు ఎండ్లూ మార్చినా స్టీరింగులో యింకా కొంచెం ఆట మిగిలింది. ఉస్తాద్ రాక్ విప్పి చూపించాడు. పళ్ళు మధ్యలో అరిగి, చివరల్లో కొత్తవాటిలా వున్నాయి. కారు యెక్కువకాలం తిన్నగానే పోతుంది గదా, అరుగుదలంతా నడిమిపళ్ళ మీదే. ఫోనులో వున్న మా తమ్ముడు, "రేకులు తీసి బిగించెయ్యమను, ఆట పూర్తిగా పోవాలి" అన్నాడు. అక్కడ పల్చని రేకులు వుంటాయి. తగ్గిస్తే పళ్ళు దగ్గరవుతాయి. కాని నడుమ బిగువుగా సరిపెడితే, అరగని చివరిపళ్ళ దగ్గర పట్టేస్తుంది. పెద్ద మలుపులో స్టీరింగు బిగుసుకుపోతే అది ఆటకన్నా ప్రమాదం. మా నాయనా ఉస్తాదూ చాలాసేపు మాట్లాడుకోకుండా అటూ యిటూ తిప్పి చూశారు. ఆఖరుకు వొక్క రేకు తీశారు. చక్రం అంచున వేలి వెడల్పంత ఆట వుంచేశారు. "గంతే. దాని వయస్సుకు గది చాలు" అన్నాడు మా నాయన. ఉస్తాద్ రాక్‌లో కొత్త నూనె పోసి, కొత్త తొడుగులు కట్టాడు.

చక్రాల వరస ముందు నూలుదారంతో సరిచేశారు. తరువాత కంప్యూటరు అలైన్‌మెంటుకు తీసుకుపోతే, ఆ కుర్రవాడి యంత్రంలో అంబాసిడర్ పేరే లేదు. మా నాయన కారుతో వచ్చిన పాత పుస్తకం తెరిచి అంకె చెప్పాడు. దారంతో పెట్టినదానికీ యంత్రం చెప్పినదానికీ తేడా వెంట్రుకవాసి.

మా నాచారానికీ పాత బండ్లకూ బంధుత్వం లేకపోలేదు. ఎన్.టి. రామారావుగారు 1976లో రామకృష్ణ స్టూడియో కట్టింది యిక్కడే. ఆయన 1982లో రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాను; దాన్ని నడిపింది కుమారుడు హరికృష్ణ. మా యింట్లో వరస తిరగబడింది, తండ్రి నడుపుతాడు, కొడుకు పక్కన కూర్చుంటాడు. అన్నట్టు, మా కారును వింటేజి అనడానికి లేదు. 2021 నిబంధనల ప్రకారం యాభై యేళ్ళు దాటాలి, అంటే 2036. అయినా వింటేజి ముద్ర పడితే ప్రదర్శనలకూ మరమ్మతులకూ తప్ప రోజూ రోడ్డుమీద తిప్పకూడదు. మాకు అది వొద్దు. పదిహేనేళ్ళు దాటిన మామూలు కార్లకు లాగే అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటున్నాము.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. తండ్రులందరి చేతులూ నిర్దోషులని నేను అనడం లేదు. కారు బాగయ్యాక మా నాయనను కంటి డాక్టరు దగ్గరికీ, నరాల డాక్టరు దగ్గరికీ తీసుకుపోయాను. ఆయనే వస్తానన్నాడు. చెయ్యి కొద్దిగా వొణుకుతున్నమాట నిజమేననీ, దానికి మందు యిస్తాననీ, పగటిపూట దగ్గర దూరాలు నడపడానికి అది అడ్డు కాదనీ డాక్టరు చెప్పారు. చీకటిపడ్డాక నడపనని మా నాయన తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ఉప్పల్ చౌరస్తా దాటననికూడా అన్నాడు గాని, అది నిలబడుతుందని నాకు నమ్మకం లేదు.

పోయిన ఆదివారం పొద్దున వంటింట్లో మళ్ళీ చెంబు చప్పుడయింది. ఈసారి నేను లోపలికి వెళ్ళాను. ఆయన గ్లాసులోకి నీళ్ళు వంచుతున్నాడు. రెండు చుక్కలు గట్టుమీద పడ్డాయి. ఆయన వాటిని పైపంచె కొంగుతో తుడిచి, నీళ్ళు తాగి, "జామపండ్ల పిలగానికి పైసలు యిచ్చినవారా ఆ దినం?" అని అడిగాడు.

యివ్వలేదని వొప్పుకున్నాను.

"గట్లనా. తాళంచెవి యెక్కడ పెట్టినవ్?"