సిగరెట్ తాగుతూ పండ్లు తింటే సరిపోతుందా? పిల్లల కోసం చూస్తున్న మగవారు తెలుసుకోవాల్సింది ఇదే..

పెళ్లయి రెండు మూడేళ్లయినా పిల్లలు కలగకపోతే ముందు అందరి చూపూ భార్య వైపే వెళ్తుంది. కానీ సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో మగవారి వైపు లోపం కూడా ఉంటుంది. అందుకు దారితీసే అలవాట్లలో సిగరెట్ ఒకటి. పైగా ‘రోజూ పండ్లు తింటున్నాం కదా, ఏం కాదులే’ అనే ధీమా చాలామందిలో ఉంటుంది. ఇందులో నిజమెంత?

పొగ ఏం చేస్తుంది?

సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. కాడ్మియం, సీసం లాంటి లోహాలూ వాటిలో ఉన్నాయి. పొగ వల్ల ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. వీర్యకణం పైపొరలో త్వరగా పాడయ్యే కొవ్వులు ఎక్కువ, వాటిని కాపాడే ఎంజైమ్‌లు తక్కువ. అందుకే అది తేలిగ్గా దెబ్బతింటుంది. పొగతాగేవారిలో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గుతున్నట్లు, డీఎన్ఏ కూడా దెబ్బతింటున్నట్లు పరిశోధనల్లో తేలింది.

పండ్లు, కూరగాయలు ఎంతవరకు?

ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. జామ, ఉసిరిలో విటమిన్ సి, వేరుశనగలో విటమిన్ ఇ, టమాటాలో లైకోపీన్ ఉంటాయి. టమాటాను నూనెలో మగ్గబెడితే లైకోపీన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పొగతాగేవారిలో విటమిన్ సి త్వరగా తరిగిపోతుంది. అందుకే వారికి రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక్క జామకాయతో అది వచ్చేస్తుంది. కానీ ఒకవైపు పొగ పీలుస్తూనే ఉంటే ఈ రక్షణ చాలదు.

మాత్రలు వేసుకుంటే?

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవారిపై అధ్యయనం చేశారు. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రల రూపంలో తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో వెల్లడైంది. అమెరికాలో 2,370 జంటలపై జరిగిన మరో అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మగవారికి జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా పిల్లలు పుట్టే అవకాశం పెరగలేదు.

మూడు నెలలు ఓపిక పట్టాలి

వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంటే ఈరోజు సిగరెట్ మానేస్తే మార్పు కనిపించడానికి దాదాపు మూడు నెలలు ఆగాలి. ఇంట్లో కాల్చే సిగరెట్ పొగ భార్యకూ హానికరమే. కాబట్టి ముందు మానేయాలి, ఆ తర్వాతే జామకాయ పనికొస్తుంది. మానడం కష్టంగా ఉంటే జాతీయ హెల్ప్‌లైన్ 1800-112-356కు ఫోన్ చేయవచ్చు.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసమే. ఏడాదిగా ప్రయత్నిస్తున్నా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ డాక్టర్‌ను కలవాలి.)